అయ్యగారి ఎడమ మడమ

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక చీటీలు తీశారు. రెండు రోజుల ప్రార్థన రిట్రీటుకి వెళ్ళేది నలభై మంది. అందులో శనివారం సాయంత్రం పాదాలు కడిగే ఆరాధనలో కుర్చీల్లో కూర్చునేది మాత్రం, ప్రభువు కాళ్ళు కడిగిన శిష్యుల లెక్కన, పన్నెండు మందే. పాస్టరు అయ్యగారు ఆ పన్నెండు మంది ముందూ మోకరించి, స్వయంగా తన చేతుల్తో పాదాలు కడుగుతారు. కడుగుతున్నంతసేపూ కుర్చీలో ఉన్న మనిషి ఆయన చెవిలో ఒక్క మనవి చెప్పుకోవచ్చు. అదేమిటో మూడో మనిషికి తెలియదు. సంఘమంతా మాత్రం ఆ మనిషి పేరు పెట్టి ఏడాది పొడుగునా ప్రార్థన చేస్తుంది. పోయినేడు కుర్చీలో కూర్చున్న ఒకావిడకి ఈ ఏడు కవలలు పుట్టారు. ఆ పిల్లలిద్దర్నీ చెరో చంకనేసుకుని ఆవిడ గుమ్మంలో అడుగుపెట్టిన రోజు నుంచీ కుర్చీలకి ఎక్కడలేని గిరాకీ వచ్చింది.

అయ్యగారి భార్యని అందరూ అమ్మగారంటారు. ఆవిడ ఏడో చీటీ విప్పి చదివిన పేరు కాళ్ళక్కది. పార్లర్లో పదకొండేళ్ళుగా ఆడవాళ్ళ కాళ్ళు నానబెట్టి, రుద్ది, గోళ్ళు కత్తిరించే పని కాబట్టి అసలు పేరు అందరూ ఎప్పుడో మర్చిపోయారు. చీటీలో ఆ అసలు పేరు వినబడగానే తనని కాదేమో అనుకుని ఆమె కూడా పక్కకి చూసింది. పక్కనున్నావిడ మోచేత్తో పొడిస్తేగానీ లేచి నిలబడలేదు.

ఆమె మనవి మూడు నెలల నుంచీ సిద్ధంగానే ఉంది. కుడి చేతి చివరి మూడు వేళ్ళూ మొద్దుబారిపోయాయి. వేడీ తెలియదు, చల్లదనమూ తెలియదు. నీళ్ళు ఎంత కాగాయో చూడటానికి మోచెయ్యి ముంచుతోంది. పసిపిల్లకి స్నానం చేయిస్తున్నట్టు ఆ మోచెయ్యేమిటని తోటిపిల్లలు నవ్వితే, తానూ నవ్వేసి ఊరుకుంది. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. పార్లర్లో చెబితే ఆ రోజే ఇంటికి పొమ్మంటారు. మిగిలింది ఒక్క దేవుడు. ఆయనతో రోజూ చెబుతూనే ఉంది గానీ, తనొక్కతి గొంతు వినబడటం లేదేమో, సంఘమంతా కలిసి అడిగితే వినబడుతుందేమో అని ఆశ.

సోమవారం పొద్దున్నే సెలవు అడిగింది.

"శనివారమా!" అంది పార్లరు మేడం, ఎవరో తన నెత్తిన నీళ్ళు కుమ్మరించినట్టు. "శనివారం సెలవంటే నన్ను షాపు మూసుకోమన్నట్టే."

"రెండు నెలల్నుంచీ వారానికో రోజు సెలవు కూడా తీసుకోలేదు మేడం. అవన్నీ వదిలేస్తాను. ఈ శని ఆదివారాలు మాత్రం ఇవ్వండి."

"ఏం చేస్తారు అక్కడ రెండు రోజులు?"

"మౌనంగా కూర్చుంటాం. ప్రార్థన చేసుకుంటాం."

"ఇక్కడ మాత్రం నువ్వు మాట్లాడతావేంటి? కాళ్ళు తప్ప మొహాలు చూడవు," అని మేడం కాసేపు సణిగి, పోనిమ్మని ఒప్పుకుంది.

బుధవారం మధ్యాహ్నం అమ్మగారు పార్లరుకి వచ్చింది. ఆవిడ నెలకోసారి వస్తుంది. కాళ్ళక్క టబ్బులో నీళ్ళు పోసి, మోచెయ్యి ముంచి చూసి, ఆవిడ పాదాలు అందులో పెట్టింది. అమ్మగారు కుర్చీలో వెనక్కి వాలి, చుట్టూ ఎవరూ వినడం లేదని చూసుకుని గొంతు తగ్గించింది.

"నీతో ఒక చిన్న పని పడిందమ్మా. దేవుడి పని. పోయినేడు అయ్యగారు ఎంత అవస్థ పడ్డారో నీకు తెలీదు. ఒకాయన పాదాలున్నాయి చూడు... పేరెందుకులే. వేళ్ళ సందుల్లో కుళ్ళిపోయి ఉందిట. ఆ వాసన ముక్కులోంచి పోక రెండు రోజులు భోజనం ముట్టలేదు ఆయన. ఇంటికొచ్చాక చేతులు ఎన్నిసార్లు కడిగారో! చర్మం ఊడొస్తుందేమో అని నాకు భయమేసింది."

"అయ్యో," అంది కాళ్ళక్క.

"అందుకని శుక్రవారం సాయంత్రం పన్నెండు మందినీ చర్చి వెనక గదికి రమ్మన్నాను. నువ్వు నీ సామాను తెచ్చుకుని అందరి కాళ్ళూ ఓసారి శుభ్రం చేసిపెట్టావనుకో, శనివారం ఆయన చక్కగా కడుగుతారు. ఇదీ పరిచర్యే కదమ్మా. నీకు తెలిసిన పనే దేవుడికి చేస్తున్నావు."

కాళ్ళక్కకి అందులో తప్పేమీ కనబడలేదు. పైగా పొంగిపోయింది. చర్చిలో పాట పాడేవాళ్ళున్నారు, ప్రసంగం చేసేవాళ్ళున్నారు, పూలు పెట్టేవాళ్ళున్నారు. తన పని పనికొచ్చే రోజు ఒకటి వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. అమ్మగారి బొటనవేలి గోటి మూల ఇరుక్కున్న మట్టిని పుల్లతో తీస్తూ, "అలాగేనండి, తప్పకుండా," అంది. పక్క కుర్చీలో ఎవరిదో మడమ రుద్దుతున్న పిల్ల మాత్రం వంచిన తల ఎత్తకుండానే, "కడిగిన కాళ్ళు మళ్ళీ కడగడానికి అంత ఆర్భాటమెందుకక్కా?" అని తర్వాత అడిగింది. "నీకు తెలీదులే," అని ఆ పిల్ల నోరు మూయించింది.

గురువారం ఇంట్లో సంచీ సర్దుకుంది. చర్చి వాళ్ళిచ్చిన కాగితంలో ఏమేం తెచ్చుకోవాలో వరసగా ఉంది. బైబిలు, నోటు పుస్తకం, దుప్పటి, తెల్ల బట్టలు. ఫోను తేకూడదు, నగలు పెట్టుకోకూడదు, మేజోళ్ళు వేసుకోకూడదు. తెల్ల బట్టలు నాలుగేళ్ళ కిందటివి. చేతులు బిగుతైపోతే అత్తగారు కుట్లు విప్పి వదులు చేస్తోంది. ఆవిడ ఒకప్పుడు టైలరు షాపులో కాజాలు కుట్టిన మనిషి. ఇప్పటికీ సూదిలో దారం కళ్ళద్దాలు లేకుండా ఎక్కిస్తుంది, నోరు కూడా సూదే. కొడుకు సరుకుల బండి తోలుకుంటూ సోమవారం దాకా రాడు కాబట్టి, ఇంట్లో ఆ సూదికి దొరికేది కోడలొక్కతే.

"ఏం అడగబోతున్నావేమిటి అయ్యగారి చెవిలో?"

"చెప్పకూడదు అత్తయ్యా. చెబితే ఫలించదంట."

"అత్త నోరు పడిపోవాలనేనా?"

"దానికి సంఘమంతా ఏడాది ప్రార్థన చేసినా లాభం లేదు."

అత్తగారు ఫక్కున నవ్వి, చెయ్యి సాచమని కొలత చూసింది. చూస్తూ కోడలి వేళ్ళకేసి రెండోసారి చూసింది. ఎప్పుడూ నీళ్ళలో నాని, చివర్లు తెల్లగా ముడుచుకుపోయి ఉన్నాయి. "కొబ్బరినూనె రాసుకోవే తల్లీ, శవం వేళ్ళలా ఉన్నాయి," అంది. కాళ్ళక్క చెయ్యి వెనక్కి లాక్కుంది.

శుక్రవారం నాలుగింటికల్లా సామానుతో చర్చి వెనక గదికి చేరింది. ఆదివారాలు పిల్లలకి కథలు చెప్పే గది అది. గోడల నిండా పిల్లలు రంగులు వేసిన గొర్రెపిల్లలు, పడవలు. కాళ్ళక్క తన ముక్కాలిపీట, టబ్బు, ఉప్పు, రుద్దే రాయి, కత్తెరలు వరసగా పెట్టుకుంది. పక్కన వంటగదిలో నీళ్ళు కాగుతున్నాయి.

పదకొండేళ్ళలో ఆమె చూడని పాదం లేదు. పాదాలంటే ఆమెకి రోత లేదు. అవి మోసేవి, అరిగేవి, పగిలేవి, అంతే. ఆ సాయంత్రం మాత్రం కాళ్ళకంటే కాళ్ళున్న మనుషులే ఎక్కువ కనబడ్డారు. బేకరీ ఆయన వేళ్ళ మధ్య పిండి గట్టిపడి గారలా అతుక్కుని ఉంది. దాన్ని గోటితో పెకలిస్తుంటే ఆయన తీరిగ్గా ఆవులిస్తూ, "రేపు అయ్యగారి ముందు పరువు పోకుండా చూడు," అన్నాడు. పాటల బృందం నాయకుడు విప్పిన మేజోళ్ళు నిలబెడితే నిలబడేలా ఉన్నాయి. వాటిని తీసి ఆమె సంచీ మీదే పెట్టాడు. లెక్కల మాస్టారి బొటనవేలి గోరు మేక గిట్టలా ముదిరిపోయింది. కత్తిరిస్తే ముక్క ఎగిరి ఆమె చెంపకి తగిలింది. "సారీ" అన్న మాట ఆయన నోటికి రాలేదు, పేపరు పేజీ తిప్పాడు. బ్యాంకులో పనిచేసే ఒకావిడ కాళ్ళు రుద్దుతున్నంతసేపూ ఫోన్లో తోడికోడల్ని ఆడిపోసుకుని, ఫోను పెట్టేశాక, "ఎలాగూ చేస్తున్నావు కదా, లేతగా కాస్త రంగు కూడా వేసెయ్యి," అంది.

"రిట్రీటులో రంగులు వద్దన్నారు కదండీ."

"గులాబీ రంగు ఎవరికి కనబడుతుంది?"

టబ్బులో నీళ్ళు మార్చిన ప్రతిసారీ బూడిదరంగు తెట్టు తేలింది. చచ్చిన చర్మం పొలుసులు పొలుసులుగా తిరుగుతోంది, అంచుకి అతుక్కుంటోంది. అమ్మగారు మధ్యమధ్య గుమ్మం దాకా వచ్చి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "అబ్బ, కిటికీలు తియ్యకూడదూ! ఆ నీళ్ళు వెనకవైపు పారబొయ్యమ్మా. ముందు గుమ్మంలో వద్దు, రేపు బస్సు అక్కడే ఆగుతుంది," అని చెప్పి వెళుతోంది.

ఆఖర్న చర్చి గంట కొట్టే తాత వచ్చాడు. ఆయన పేరూ చీటీల్లో వచ్చింది. చెప్పుల్లేని కాళ్ళు, చీలమండల దాకా ఎర్రమట్టి. కుర్చీలో కూర్చున్నాడు గానీ కాళ్ళు మాత్రం కుర్చీ కిందకి లాక్కున్నాడు.

"ఇలా పెట్టు తాతా."

"పెట్టనమ్మా. రేపు ఆయన కడగడానికి ఏదో ఒకటి ఉండాలి కదా."

"అమ్మగారు అందరికీ చెయ్యమన్నారు."

"తోమిన పళ్ళెం మళ్ళీ తోముతారా ఎవరైనా? నా మట్టి ఆయన కోసం ఉంచాను," అని తాత లేచి, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "మరి నీ కాళ్ళెవరు కడిగారు?"

"నాకేం, ఇంటికెళ్ళి కడుక్కుంటాను."

తాత తలాడించి వెళ్ళిపోయాడు. కాళ్ళక్క తన పాదాల వంక చూసుకుంది. చిమ్మిన నీళ్ళన్నీ వాటి మీదే పడ్డాయి. ఎవరెవరి చర్మమో అంటుకుని ఉంది. నడుం పట్టేసింది, మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి. అయినా మనసు తేలిగ్గానే ఉంది. రేపు ఈపాటికి తను కూడా కుర్చీలో కూర్చుని ఉంటుంది. చెప్పబోయే మాటని లోపల్లోపల ఇంకోసారి వల్లె వేసుకుంది. 'అయ్యగారూ, నా వేళ్ళు' అని మొదలుపెట్టాలి. తర్వాత మాటలు వాటంతట అవే వస్తాయి.

సామాను సర్దబోతుంటే అయ్యగారు వచ్చారు. మెత్తని మనిషి, మెత్తని గొంతు. ఆయన వందనాలు చెబితే ఎదుటి మనిషికి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి.

"వందనాలమ్మా. బాగా అలసిపోయినట్టున్నావు. దేవుడు నీ కష్టం చూస్తాడు." చెప్పులు విప్పి కుర్చీలో కూర్చున్నారు. "ఎలాగూ నీళ్ళున్నాయి కదా, నా మడమలు కూడా కాస్త చూడు. రేపు నేను మోకరించినప్పుడు కెమెరా నా వెనకాలే ఉంటుందిట. పోయినేడు ఫొటోలన్నిట్లో నా అరికాళ్ళే పడ్డాయి. చూసినవాళ్ళు నవ్వుకున్నారు."

కాళ్ళక్కకీ నవ్వొచ్చింది. మొహం వంచుకుని దాచుకుంది. వంటగదిలోంచి వేడినీళ్ళు తెచ్చి, మోచెయ్యి ముంచి చూసి, ఆయన పాదాలు టబ్బులో పెట్టింది. పగుళ్ళు లోతుగా ఉన్నాయి, నల్లటి గీతలు పడి ఉన్నాయి. కుడి మడమ ఒళ్ళోకి తీసుకుని రాయితో రుద్దడం మొదలుపెట్టింది. అయ్యగారు ఫోనులో రేపటి ప్రసంగం చూసుకుంటూ, మధ్యలో కాలు చురుక్కుమంటే చిన్నగా "స్" అంటున్నారు. పావుగంటకి కుడి మడమ నున్నగా, ఎర్రగా తేలింది. దాన్ని తుడిచి తువ్వాలు మీద పెట్టింది.

అమ్మగారు చేతిలో జాబితాతో వచ్చింది. "అయిపోయిందా? మంచి పని చేశావమ్మా. ఇంకో మాట. ఏడో కుర్చీ ఉంది చూడు, అందులో వేరే ఆవిడ కూర్చుంటారు. మనకి రిట్రీటుకి ఇల్లు ఇస్తున్న ఆయన చెల్లెలు. కుర్చీ ఉంటేనే వస్తానంటోంది ఆవిడ."

కాళ్ళక్క చేతిలో రాయి అలాగే ఉండిపోయింది. "ఏడోది నాది కదండీ. చీటీ నా పేరున వచ్చింది."

"వచ్చింది. ఎవరు కాదన్నారు? కానీ నువ్వు అయ్యగారి పక్కనే ఉంటావు. నీళ్ళ జగ్గు పట్టుకుని, తువ్వాళ్ళు అందిస్తూ. ఆ పని నీకంటే బాగా ఎవరికి తెలుసు? కూర్చునేవాళ్ళకంటే నిలబడి సేవ చేసేవాళ్ళే గొప్ప. నీ మనవేదో ఒక కాగితమ్మీద రాసివ్వు, నేను అయ్యగారికి అందిస్తాను." జాబితాలో ఏదో కొట్టేసి మళ్ళీ తలెత్తింది. "ఆఁ, రేపు బస్సెక్కేలోపు ఆ చెల్లెలుగారి కాళ్ళు కూడా చూడాలి. అదొక్కటీ మిగిలింది."

అయ్యగారు ఫోనులోంచి తలెత్తలేదు. ఎడమ పాదాన్ని మాత్రం టబ్బులోంచి తీసి ఆమె ఒళ్ళో పెట్టారు.

కాళ్ళక్క ఆ పాదాన్ని రెండు చేతుల్తో ఎత్తి మళ్ళీ నీళ్ళలో పెట్టింది. రాయి కింద పెట్టింది.

"ఏమైందమ్మా?" అన్నారు అయ్యగారు.

"నా కుర్చీ సంగతి తేలాక చేస్తానండి."

పదకొండేళ్ళలో ఎవరితోనూ అలా మాట్లాడలేదు ఆమె. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. అమ్మగారు నోరు తెరిచింది. అయ్యగారు ముందు కాళ్ళక్కనీ, తర్వాత తువ్వాలు మీదున్న కుడి మడమనీ, తర్వాత నీళ్ళలో ఉన్న ఎడమ మడమనీ చూశారు. కుడిది పసిపిల్లాడి బుగ్గలా ఉంది. ఎడమది నల్లగా, నెర్రెలిచ్చి, అలాగే ఉంది. రెండూ పక్కపక్కన కెమెరాకి ఎలా ఉంటాయో ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"ఎందుకింత రాద్ధాంతం?" అన్నారు భార్యతో. "ఈ అమ్మాయి కుర్చీ ఈ అమ్మాయికే ఉంచు. ఆవిడకి పదమూడోది వెయ్యి."

"పన్నెండే ఉండాలని ఇన్నేళ్ళూ మీరేగా అన్నారు!"

"పదమూడు వేస్తే ఏం మునిగిపోతుంది? కెమెరాలో లెక్కపెడతారా?" అని కాళ్ళక్క వైపు తిరిగి, ఆ మెత్తని గొంతుతోనే, "సరేనామ్మా? నీ కుర్చీ నీదే. కానివ్వు మరి," అన్నారు. ఎడమ పాదం నీళ్ళలోంచి లేచి, చుక్కలు కారుస్తూ, మళ్ళీ ఆమె ఒళ్ళోకి వచ్చింది.

కుర్చీ వచ్చేసింది. అడగ్గానే వచ్చేసింది. ఇంకో కుర్చీ లాగి వేస్తే సరిపోయే పనికి తన చీటీ లాక్కున్నారు, మళ్ళీ ఒక మడమ కోసం తన ముందు విసిరేశారు. కాళ్ళక్క ఒళ్ళో ఉన్న పాదాన్ని చూసింది. రేపు ఈయన తన ముందు మోకరిస్తాడు. వెనక కెమెరా ఉంటుంది. మూడు నెలలు ఎవరికీ చెప్పకుండా దాచుకున్న మాటని తను వంగి ఆ చెవిలో చెబుతుంది. ఆ చెవి అప్పుడు వింటుందా? అరికాళ్ళు సరిగ్గా పడ్డాయా లేదా అని చూసుకుంటూ ఉంటుంది. తన పాదం మీద ఆ మెత్తని చేతులు పడతాయన్న ఊహకే ఒళ్ళు జలదరించింది. కుళ్ళిన గోళ్ళూ, చీము పట్టిన వేళ్ళూ ఒళ్ళో పెట్టుకుని టీ తాగిన మనిషికి, పదకొండేళ్ళలో మొదటిసారి ఒక పాదాన్ని చూసి వాంతి వచ్చేలా అయింది.

"ఒద్దండి," అంది.

"ఏది వద్దు?"

"కుర్చీ వద్దు. రిట్రీటుకీ రాను." పాదాన్ని దించి, రాయి కడిగి, కత్తెరలు తుడిచి, ఒక్కొక్కటే సంచీలో పెట్టుకుంది. పాటల నాయకుడి మేజోళ్ళు అక్కడే మర్చిపోయి ఉన్నాయి. వాటిని రెండు వేళ్ళతో ఎత్తి కిటికీ మీద పెట్టింది.

"అహంకారమమ్మా ఇది," అంది అమ్మగారు. "ప్రార్థన చేసుకో. పొద్దుటికి మనసు మారుతుంది."

"మరి ఈ కాలో?" అన్నారు అయ్యగారు. ఆయన మొహంలో నిజంగానే కంగారు కనబడింది. ఆ సాయంత్రం ఆ గదిలో నిజంగా కనబడినది అదొక్కటే.

"కాలు తియ్యండి అయ్యగారూ. టబ్బు నాది."

ఆయన తీశారు. కాళ్ళక్క టబ్బు ఎత్తుకుని, వెనక గుమ్మం పక్కనుంచే నడిచి, చర్చి మధ్యలోంచి ముందు గుమ్మానికి వెళ్ళి, రేపు బస్సు ఆగే చోట నీళ్ళు పారబోసింది. తెట్టు నేల మీద పరుచుకుంది.

గంట తాత మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నీళ్ళనీ ఆమె మొహాన్నీ చూశాడు. "రేపు రావా ఏంటి?"

"రాను తాతా. నువ్వెళ్ళు. ఆ మట్టి మాత్రం కడుక్కోకు."

ఇంటికి వచ్చేసరికి బాగా పొద్దుపోయింది. అత్తగారు దీపం కింద కూర్చుని తెల్ల బట్టలకి చివరి బొత్తాం కుడుతోంది. సర్దిన సంచీ గోడ పక్కన సిద్ధంగా ఉంది. కోడలి మొహం చూసి సూది ఆపింది.

"ఏమైందే? ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదు. నేను వెళ్ళటం లేదు." కాళ్ళక్క సామాను దించి ఆవిడ పక్కన నేల మీద చతికిలబడింది. జరిగిందంతా చెబుదామనుకుంది. నోరు తెరిస్తే మూడు నెలలుగా వల్లె వేసుకున్న మాటే బయటికి వచ్చింది. "అత్తయ్యా, నా వేళ్ళు... కుడి చేతివి మూడు వేళ్ళకి స్పర్శ లేదు. మూడు నెలలైంది. రేపు సెలవే కదా, ఆస్పత్రికి వెళదామనుకుంటున్నాను."

అత్తగారు బొత్తాం దగ్గర దారం తెంపి, బట్టలు పక్కకి జరిపింది. కోడలి చెయ్యి లాక్కుని తన మోకాలి మీద బోర్లా పెట్టి, మళ్ళీ వెల్లకిలా తిప్పింది. వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి చూసింది. తర్వాత దారం ఉన్న సూదిని అలాగే పట్టుకుని, "కళ్ళు మూసుకో," అంది.

కాళ్ళక్క కళ్ళు మూసుకుంది. దారం అరచేతికి తగిలి కితకితలు పెట్టింది. పక్కింట్లో ఎవరో తలుపు వేశారు. ఎంతసేపటికీ ఏమీ జరగలేదు.

"గుచ్చండి అత్తయ్యా, పర్లేదు. నేనేం ఏడవను."

"అబ్బా," అంది అత్తగారు.

కాళ్ళక్క కళ్ళు తెరిచింది. సూది ఉంగరం వేలి చివర దిగి ఉంది. చుట్టూ రక్తం చుక్క లేచి, చూస్తుండగానే లావై, జారింది. అత్తగారు సూది లాగేసి, చేతికి దొరికిన గుడ్డతో ఆ వేలిని గట్టిగా చుట్టి పట్టుకుంది. అది తెల్ల బట్టల చెయ్యి అని ఇద్దరూ చూశారు. ఇద్దరూ తియ్యలేదు.

"ఆస్పత్రి ఎన్నింటికి తెరుస్తారు?" అంది అత్తగారు.

"ఎనిమిదింటికి."

"ఏడింటికే వెళ్ళి కూర్చుందాం. నేనూ వస్తున్నాను."